సీరియల్లో ముడి, పుస్తకంలో ముడి

మరమగ్గాల కార్ఖానాలో సాంచెల మాస్టరు రాజమల్లు ఐదో తరగతితోనే బడి మానేశాడు గానీ, సూరత్ తెలుగు నేతకార్మికుల వాట్సాప్ గ్రూపులో ఆయనను మించిన మాటకారి లేడు. మగ్గం మీద బతికే ఒక పడుచు మీద రాసిన నవల ఫోన్లో సీరియల్‌గా వస్తే, నవాగామ్‌లోని తన గదిలో భార్య నర్సవ్వతో కలిసి పది భాగాలూ చూశాడు. నాలుగో భాగంలో మగ్గం మీద పోగు తెగింది. హీరోయిన్ మగ్గమైనా ఆపకుండా, హీరో వైపు నవ్వుతూ ఇంత లావు ముడి వేసేసింది.

రాజమల్లుకు ఒళ్లు మండింది. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"అన్నలారా, గదేం ముడి? మేకను గుంజకు కట్టేసినట్టుంది! గీ కథ రాసినాయన జిందగీల మగ్గం మొఖం సూడలె. ఆయనకు పోగు అతుకుడు తెలుసని తేలితే, ఆ బుక్కు మొత్తం గ్రూపుల నేనే సదివి ఇనిపిస్త. మాటంటే మాటే!"

నవ్వు బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. బ్యాంకులో పనిచేసే గోవిందరాజులు మాత్రం ఆదివారం ఆ నవల తెచ్చి చేతిలో పెట్టాడు.

"సీరియల్ తీసినవాళ్లు వేరు, రాసినాయన వేరు మల్లన్నా. నేనింకా చదవలేదు. నువ్వే చూసి చెప్పు."

తప్పు పట్టాలన్న పంతంతో రాజమల్లు వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుంటూ వారానికి ముప్పై ఒకటో పేజీకి చేరాడు. అక్కడ పోగు తెగింది.

పుస్తకంలోని పడుచు మగ్గం ఆపింది. వంగి, తెగిన కొస వెతికి పట్టుకుంది. నాలుకతో తడి చేసి, కంటికి ఆననంత చిన్న ముడి వేసింది. మిగిలిన కొస పళ్లతో కొరికేసి, ముడి తగులుతోందేమోనని వేలితో నిమిరి చూసుకుంది. రాజమల్లు తల్లి కూడా అచ్చం ఇలాగే చేసేది.

ఆయన పుస్తకం మూసి కూర్చున్నాడు.

"ఏందయ్యా, గట్ల కూసున్నవ్? తప్పు దొరికిందా?" అంది నర్సవ్వ.

"దొరికింది. నాదే."

"ఊకో, ఇంకెవ్వలు సదువలే గద. ఎవలకు ఎర్కైతది?"

నిజమే, ఎవరికీ తెలియదు. పైగా తన నత్తి చదువు రెండు వందల మంది వింటే ఇన్నాళ్ల మాస్టరుగిరీ ఏమైపోతుంది?

"మా అవ్వను పక్కన కూసొని సూసినట్టు రాసిండే. గసుంటాయనను పట్టుకొని నేనేమన్న?"

గొంతు సవరించుకుని మైకు గుర్తు నొక్కాడు.

"అన్నలారా, నేను ఓడిపోయిన. రాసినాయనకు మగ్గం నాకన్న బాగెర్క. నా సదువు ఎడ్లబండి లెక్క పోతది, జర ఓపిక పట్టుర్రి."

ఆ ఒక్క పేజీకి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఒక పొడుగాటి మాట దగ్గర మూడుసార్లు ఆగాడు, రెండుసార్లు దగ్గాడు. పంపించి ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఎవరూ ఉలకలేదు. తొమ్మిది నిమిషాల మెసేజ్ వినడానికి తొమ్మిది నిమిషాలు పడుతుందని ఆయనకు తట్టనే లేదు. ఫోన్ తిప్పి చూశాడు, మళ్లీ బోర్లా పెట్టాడు. అప్పుడు మోగింది ఫోన్. కామ్‌రేజ్‌లో ఉండే గ్రూపు సభ్యుడు సాంబయ్య.

"మామా, మా అవ్వ రెండుసార్లు పెట్టించుకొని ఇన్నది. గీ నడుమల కెల్లి సదువుడేంది? మొదటి కెల్లి సదువు!"

వెనకాలే గోవిందరాజులు: "పుస్తకం నీ దగ్గరే ఉంచుకో మల్లన్నా. నేను నీ గొంతులోనే వింటా."

నర్సవ్వ కుక్కర్ ఎక్కించి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సీరియల్ల ఆ పోరి సేటు కొడుకును చేసుకున్నది గద. బుక్కుల గూడ గంతేనా?"

"ఆడిదాక పోలె ఇంకా."

"మరి మొదలువెట్టు. ఫోన్ల కంటె ముందుగాల నాకు సదువు."

రాజమల్లు మొదటి పేజీ తెరిచి, మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు.

"జర గట్టిగ సదువయ్యా," అంది నర్సవ్వ, "కుక్కర్ మోతల ఇనవడ్తలేదు."