పోటెత్తుకుపోయిన చక్రం

వరహాలమ్మకు దేన్ని చూసినా భయమే. గాలి వీస్తే భయం, గాలి ఆగిపోతే మరీ భయం. పడవ తిరగబడి మొగుడు పోయినప్పటినుంచి ఆమెకున్నది కూతురు లోవమ్మ ఒక్కతే. ఆ లోవమ్మకు ఇప్పుడు నెలలు నిండాయి. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగిందేమో, పిల్లకి రక్తం చాలదేమో అని పది రోజులుగా వరహాలమ్మ కనిపించిన ప్రతివాళ్ళనూ అడుగుతూనే ఉంది. విని విని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

ఆ రోజు జాము పొద్దెక్కాక లోవమ్మ నడుం పట్టుకుని గోడకు జారబడిపోయింది.

మంత్రసాని పైడమ్మ ఉండేది రెండు కోసుల అవతల, కాట్రేనికోనలో. ఆవిడకు బోదకాలు. గుమ్మం దాటాలన్నా ఒకరు చెయ్యందించాలి. బండి వెళితేనే వస్తుంది. డోలీ కట్టి మోసుకొద్దామంటే ఊళ్ళో మగవాళ్ళూ లేరు. గోదావరికి ఆనకట్ట కట్టిన దొరలు లంకల్లోకి కాలవలు తవ్విస్తుంటే, మనుషులూ బండ్లూ అన్నీ మట్టిపనికి పోయాయి. మిగిలింది వీళ్ళ బండొక్కటే.

పొరుగింటి ముసలామె సత్యనారాయణమ్మను పిల్ల దగ్గర కూర్చోబెట్టి వరహాలమ్మ పెరట్లోకి పరుగెత్తింది. బండి ఒక పక్కకి ఒరిగి, ఇరుసు కింద కొబ్బరి మొద్దు పెట్టి ఉంది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసిన కందెన, కుండతో సహా తిరగబడి నేలంతా పాకింది. కోళ్ళు దానిలో తొక్కి వాకిలంతా నల్లటి అడుగులు వేశాయి. మోచేతుల దాకా నల్లబడ్డ అల్లుడు సింహాద్రి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రం ఊడిపోకుండా ఇరుసుకు దిగగొట్టే చీల కోసం వెతుకుతున్నాడు.

సింహాద్రి ఆమె అన్న కొడుకే. పలివెలలో పుట్టి పెరిగినవాడు, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి ఏడాదైనా కాలేదు. ఎండలకు కొయ్య ఎండి చక్రం ఆకుకర్రలు గడగడలాడుతున్నాయనీ, వడ్రంగిని పిలవమనీ ఆమె పదిసార్లు చెప్పింది. ఈపాటి పని నాకు చేతకాదా అని అతను పదిసార్లూ నవ్వేశాడు.

"చక్రమేదిరా?"

"నానబెట్టేనత్తా. తెల్లారగట్ల ఏట్లో పడేసొచ్చేను. మధ్యాన్నానికి కొయ్య ఉబ్బి బిగిసిపోద్ది. మా ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు."

వాళ్ళ ఊళ్ళో అయితే చేస్తారు. అక్కడ చెరువులో పడేసిన చక్రం పడేసిన చోటే ఉంటుంది. ఇక్కడున్నది ఉప్పుటేరు. ఇనుప పట్టా కూడా లేని ఒట్టి కొయ్య చక్రాన్ని, నీరు సముద్రంలోకి తీసే పాటు సమయంలో, మోకాటి లోతు నీళ్ళలో పెట్టి, మడచెట్టుకు సన్న కొబ్బరితాడుతో కట్టి వచ్చాడు.

ఇద్దరూ వెళ్ళేసరికి ఏరు గట్టు దాకా నిండి ఉంది. చెట్టుకు తాడు ముక్క వేలాడుతోంది.

సింహాద్రి సముద్రం వైపు పరుగు తీశాడు. నీళ్ళు పోయేది అటేనని అతని లెక్క. వరహాలమ్మ వెనకనుంచి కేకేసింది.

"అటు కాదురా, పోటు పైకి తోసుకుపోద్ది. పాటు తిరిగిందంటే ఇంక మనకి దొరకదు."

పోటు నిండిపోవచ్చింది. నీటి మీద తేలే ఆకులు అప్పటికే ఉన్నచోట తిరుగుతున్నాయి. పీకల్లోతు నీళ్ళలో, మడచెట్ల వేళ్ళు కాళ్ళను చీరేస్తుంటే ఇద్దరూ ఎగువకు నడిచారు. దొరకదు, దొరకదు అని ఆమె నోరు గొణుగుతూనే ఉంది. దొరకకపోతే లోవమ్మ పోతుంది. లోవమ్మ పోతే తనూ ఇల్లు చేరదు, ఈ ఏట్లోనే దూకుతుంది. రెండో మలుపు దగ్గర చక్రం కనిపించింది. చెట్టు వేళ్ళ మధ్య ఆకుకర్రలు ఇరుక్కుని, పాటు అప్పుడే ఒక పక్క కిందికి లాగుతుంటే ఊగుతోంది.

దొర్లించుకుంటూ ఇల్లు చేరేసరికి సత్యనారాయణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బిడ్డ కాలు బయటికొచ్చిందని మెల్లగా చెప్పింది.

చక్రం ఇరుసుకు ఎక్కలేదు. కొయ్య ఉబ్బి బెజ్జం ఇరుకైపోయింది. సింహాద్రి కొడవలితో లోపల గీకుతూ ఏడుస్తున్నాడు. వరహాలమ్మ నేలపాలైన కందెనను ఇసుకతో సహా రెండు చేతులా ఎత్తి ఇరుసుకు పులిమింది. ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. నాలుగో తోపుకు ఎక్కింది. దొరకని చీలకు బదులు చింతకొమ్మ చెక్కి దిగగొట్టి, అతను ఎడ్లను అదిలించాడు.

ఆ తరువాత ఎంతసేపు గడిచిందో వరహాలమ్మకు తెలియదు. కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల అరిచినంతసేపూ భయపడింది. లోవమ్మ అరవడం మానేశాక, అంతకుముందు పడ్డదసలు భయమే కాదనిపించింది.

పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. పైడమ్మ కాలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చి పనిలో దిగింది. లోవమ్మ దక్కింది. మగబిడ్డ పుట్టాడు గాని ఏడవలేదు. పైడమ్మ వీపు చరిచింది, నోట్లో ఊదింది, చన్నీళ్ళు చల్లింది. చివరికి పాతచీర ముక్కలో చుట్టి పక్కన పెట్టింది.

"నన్ను గడియ ముందు తెచ్చుంటే బతికేవోడండి," అంది, వరహాలమ్మకు మాత్రమే వినపడేలా.

వరహాలమ్మ బయటికొచ్చింది. సింహాద్రి ఎడ్లను విప్పలేదు. కాడి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. లోపలినుంచి ఏడుపు వినపడకపోవడం అతను విన్నాడు.

"లోవ?"

"బతికింది."

అతను కాడి మీంచి చేతులు తీశాడు.

"నా వల్లేనా అత్తా?"

ఎప్పుడూ చెడ్డమాటే ముందు పలికే నోరు ఆమెది. వడ్రంగిని పిలవమని పదిసార్లు చెప్పిన నోరు. అతని చేతులు చూసింది. చెక్కుకుపోయి, నల్లగా, నెత్తురు కారుతున్నాయి. లోపల పిల్ల కళ్ళు తెరిచాక ముందుగా అడిగేది ఈ చేతులవాణ్ణే.

"కాదు నాయనా. నిన్ననే పోయేడంట కడుపులో. పైడమ్మగారు చూసి చెప్పేరు. నువ్వు రెక్కలు కట్టుకెళ్ళినా దక్కేవోడు కాదు."

సింహాద్రి ఎద్దు మెడ మీద ముఖం పెట్టుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుంటున్న పైడమ్మ ముందు కూర్చుంది. ఎవరడిగినా మీరూ ఈ మాటే చెప్పాలండి అని, బిడ్డ నిన్ననే పోయాడన్న మాట చెవిలో చెప్పింది. పైడమ్మ నిద్రపోతున్న లోవమ్మ వైపు కాసేపు చూసింది.

"ఆయ్. అలాగేలెండి," అంది.