కోట దగ్గర తెల్ల జెండా

కొండ సైకిళ్ళ పందెం మొదలయ్యే ముందు పట్నం నుంచి వచ్చినాయన దారి గుర్తుల గురించి చెబుతూనే ఉన్నాడు. నాకు కాళ్ళు నిలవలేదు. పుట్టి పెరిగిన లెసోతో కొండల్లో నాకొకడు దారి చెప్పాలా? వినకుండా పక్కకు జరిగాను.

మా వదిన ఖౌహెలో నవ్వింది. "తెల్ల జెండా కనబడితే ఆగిపోకు మరిదీ! ఈసారైనా గమ్యం చేరు."

మా దగ్గర ఇంటి ముందు తెల్ల జెండా ఎగిరితే లోపల జొన్న బీరు సిద్ధంగా ఉందని అర్థం.

కసిగా తొక్కాను. పాత రాజుగారి కోట గోడల దగ్గరికి అందరికన్నా ముందు చేరాను. కూలిన రాళ్ళ పక్కన దారి రెండుగా చీలింది. ఎడమవైపు తెల్ల జెండా రెపరెపలాడుతోంది. గుటక మింగి, "ఛీ, పో!" అని కుడికి తిప్పాను.

ఆ దారి ఒక ముసలామె వాకిట్లో ఆగిపోయింది. నిండు కుండ ముందు ఆమె చెంపకు చెయ్యి ఆనించి కూర్చుంది.

"అమ్మా, పందెం దారి ఇది కాదా?"

"పందెమా? దారి గుర్తులు చాల్లేదని మీ పందెం వాళ్ళే పొద్దున్నే నా జెండా పీక్కెళ్ళి కోట దగ్గర పాతారు నాయనా. అప్పట్నుంచి ఒక్కడూ రాలేదు. జెండా లేకపోయినా వాసన పట్టుకుని వచ్చినవాడివి నువ్వొక్కడివే! కూర్చో, పోస్తా."