ఆరు ఇరవై లాంచీ

దీపస్తంభం మలుపు దగ్గర ఆరు ఇరవై లాంచీ కూత వినపడగానే ఆమె పొయ్యి మీద నీళ్ళు పెడుతుంది. కూతకీ, గుమ్మంలో భర్త చెప్పుల చప్పుడుకీ మధ్య పావుగంట. ఆ పావుగంటలో నీళ్ళు కాగాలి, తొట్టిలో పోసి గుప్పెడు ఉప్పు వేయాలి, తువ్వాలు మడిచి పక్కన పెట్టాలి, అత్తగారి చేతికి టీ అందాలి. అతను వచ్చి కుర్చీలో కూలబడి, ప్యాంటు పైకి మడుచుకుని, పాదాలు తొట్టిలో పెట్టి కళ్ళు మూసుకుంటాడు.

"యాభై నిమిషాలు నిలబడే వచ్చాను. ఈ లాంచీ నన్ను చంపేస్తోంది."

రెండేళ్ళుగా రోజూ అదే మాట. ఆ మాట అన్నాక అతన్ని ఇంకేమీ అడగకూడదు. గ్యాస్ అయిపోయిందని చెప్పకూడదు, పైకప్పు కారుతోందని చెప్పకూడదు. ఎప్పుడైనా నోరు జారితే అత్తగారు అందుకుంటుంది. "వాడు నిలబడి నిలబడి వచ్చాడు. కాసేపు ఊపిరి పీల్చుకోనీ అమ్మాయ్. నువ్వు ఇంటిపట్టునే ఉన్నావుగా."

ఈ ఊరికి రావాలన్నది అతని ఆలోచనే. నీళ్ళకు అవతల నగరం, ఇవతల ఈ చిన్న ఊరు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు" అన్నాడు ఇల్లు చూసిన రోజున. ప్రశాంతత మాట నిజమే. కానీ ఆ ప్రశాంతతకు చాకిరీ ఉంటుందని అప్పుడు ఆమెకు తెలియదు. ఉప్పుగాలికి కిటికీ అద్దాలు రెండు రోజులకే మసకబారతాయి, వాటిని వెనిగర్‌తో తుడవాలి. తాళాలు తుప్పు పట్టకుండా నూనె రాయాలి. ఆరిన బట్టలు మడత పెట్టేలోపే మళ్ళీ చెమ్మగిల్లుతాయి. ఆదివారాల్లో అతని ఆఫీసు స్నేహితులు వచ్చి, వరండాలో కాళ్ళు బారజాపుకుని "అదృష్టవంతులండీ" అని ఆమెతో అంటారు. వాళ్ళు తాగిన కప్పులు ఆమె చేతిలో ఉంటాయి.

నగరంలో ఉన్నప్పుడు ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసేది. ఫ్రేములో అద్దం ఖాళీ లేకుండా కూర్చోబెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని షాపు యజమానురాలు అందరి ముందూ చెప్పేది. ఇల్లు మారేటప్పుడు ఆ పని మానేసింది. మానెయ్యమని భర్త అనలేదు. "లాంచీ నిన్ను రెండు నెలల్లో మంచాన పడేస్తుంది. నేను కాబట్టి ఓర్చుకుంటాను, నువ్వెందుకు కష్టపడటం?" అన్నాడు. తన మీద ఎంత ప్రేమో అనుకుంది ఆమె, పిచ్చి మొహం.

మంగళవారం పొద్దున అత్తగారి కళ్ళజోడు విరిగింది. అత్తగారికి నీళ్ళ మీద తల తిరుగుతుంది కనుక, ఎప్పుడు నగరం వెళ్ళినా అందరూ వంతెన దారిలో రెండు గంటలు బస్సులోనే వెళ్ళేవారు. ఈసారి ఆమె ఒక్కతే కాబట్టి పదకొండు గంటల లాంచీ ఎక్కింది. ఊరికున్నది ఒకటే లాంచీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే అటూ ఇటూ తిరుగుతుంది. లోపల సగం సీట్లు ఖాళీ. కిటికీ పక్కన మంచి చోటు చూసుకుని కూర్చోబోయి ఆగిపోయింది. సీటు మీద ఒక ఆకుపచ్చ కుషన్ ఉంది. పాత పరదా గుడ్డతో తను కుట్టినదే. మూల దగ్గర దారం చాలక నీలం దారంతో ముగించింది కూడా. ఏడాది కిందట అది కనపడకుండా పోతే, "ఇంట్లో వస్తువు ఇంట్లోనే పోగొట్టే ఆడదాన్ని నిన్నే చూశాను" అని అత్తగారు నెల్లాళ్ళు సాధించింది.

"అక్కడ కూర్చోకమ్మా" అంది టికెట్లు కోసే ఆవిడ. "అది పాటల సారు చోటు."

"పాటల సారు ఎవరు?"

"పొద్దున ఏడున్నరకి వెళ్ళి సాయంత్రం దీంట్లోనే వస్తాడు. ఎంత బాగా పాడతాడని. ఆయన ఉంటే లాంచీ అంతా నవ్వులే. ఎదురు సీటు నర్సమ్మ కోసం ఆపి ఉంచుతాడు. ఆమె రాకపోతే డ్రైవరుని కాసేపు ఆగమంటాడు కూడా."

ఆమె మరో చోట కూర్చుంది. ఎక్కడ కూర్చుందో, కిటికీలోంచి ఏం కనపడిందో తర్వాత గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాలేదు. షాపులో యజమానురాలు కళ్ళజోడు బాగు చేయిస్తూ, "నీ స్టూలు ఇంకా అక్కడే ఉంది. సోమవారం నుంచి వస్తావా? శుక్రవారం లోపల చెప్పు, లేకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి" అంది. ఆమె తల ఊపింది. వస్తానన్నట్టో, విన్నానన్నట్టో ఆమెకే తెలియలేదు. ఆమె బుర్ర నిండా నర్సే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగింది. "మీరు పాటలు పాడతారా?"

"నేనా? ఊపిరి తీసుకోవడానికే ఓపిక లేదు" అన్నాడు అతను, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

మర్నాడంతా ఆమె, కుళ్ళుబోతుదానివైపోయావని తనను తానే తిట్టుకుంది, తిట్టుకుంటూనే కుళ్ళుకుంది. నర్సు పొడుగో పొట్టో తెలియదు కానీ ఆమె చేతులు మాత్రం కళ్ళకు కట్టినట్టు కనపడ్డాయి. శుభ్రంగా, సబ్బు వాసనతో ఉండే చేతులు. తన వేళ్ళు వాసన చూసుకుంటే వెనిగర్. పెళ్ళైన కొత్తలో అతను పాడేవాడు. తర్వాత పాట పోయింది. వయసు మీద పడితే గొంతు పోతుంది కాబోలని సరిపెట్టుకుంది ఆమె. పోలేదన్నమాట, లాంచీలో భద్రంగా ఉందన్నమాట. ఎవరో పరాయి మనిషికి పాట, ఎదురు సీటు, లాంచీని ఆపించేంత ఆదరణ. తనకు మటుకు ఆ పాదాలు. కిటికీ అద్దం ఎంత గట్టిగా రుద్దిందంటే, "పగలగొడతావా ఏమిటి?" అని అత్తగారు లోపల్నుంచి కేకేసింది.

గురువారం సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయింది. నీళ్ళు ముందే పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, "ఇప్పుడే వస్తానత్తయ్యా" అని రేవుకు నడిచింది. చేపల వలలు ఆరేసే షెడ్డు చాటున నిలబడింది. మొగుడి మీద నిఘా పెట్టే స్థితికి వచ్చానా అని సిగ్గేసింది. అయినా కదల్లేదు.

లాంచీ కూతేసి, మలుపు తిరిగి, మెల్లగా రేవుకు చేరింది. లోపల లైట్లు వెలుగుతున్నాయి కనుక అంతా స్పష్టంగా కనిపించింది. తన భర్త కిటికీ పక్కన కుషన్ మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి, గొంతెత్తి పాడుతున్నాడు. చుట్టూ నలుగురైదుగురు చప్పట్లతో తాళం వేస్తున్నారు. పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. ఆమె కళ్ళు ఎదురు సీటుకు పరుగెత్తాయి. అక్కడ అరవైకి దగ్గరపడ్డ ఒక లావుపాటి మనిషి, నర్సు దుస్తుల్లో, బూట్లు విప్పేసి, వాచిన పాదాలు బ్యాగు మీద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. ఆ పాటకి గానీ, ఆ చప్పట్లకి గానీ ఆమె రెప్ప కూడా కదల్లేదు.

రెండు రోజులుగా తను కుళ్ళుకున్నది ఈవిడ మీదా? నవ్వు రావాలి. రాలేదు. ఆ నిద్రను చూస్తుంటే ఆమెకు పుట్టిన అసూయ ముందు, మొన్నటి అసూయ దేనికీ చాలదు. ఎవరూ లేపని నిద్ర. నీళ్ళెక్కడ, టీ ఎక్కడ, నా కళ్ళజోడెక్కడ అని ఎవరూ అడగని యాభై నిమిషాలు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ, టికెట్లు కోసే ఆవిడతో సహా, ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య కాస్త కాలం సొంతంగా ఉంది. మొగుడు వేరే ఆడదాన్ని చూసుకున్నా ఇంత మండేది కాదేమో. అతను దాచుకున్నది విశ్రాంతి.

లాంచీ ఆగింది. అతను అందరికీ చెయ్యూపి మెట్లు దిగాడు. రేవు చివర, జనం పలచబడ్డ చోట ఒక్క క్షణం నిలబడ్డాడు. అప్పుడే ఆమె కళ్ళెదుటే అతని భుజాలు కిందికి జారాయి. నవ్వు ఆరిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. పాదాలు ఈడ్చడం మొదలైంది. రోజూ సాయంత్రం తన గుమ్మంలోకి వచ్చే మొహం అదే. అది లాంచీలో వచ్చేది కాదు, ఇక్కడ తొడుక్కునేది.

ఆమె షెడ్డు వెనక సందులోంచి అడ్డదారిన ఇంటికి వచ్చేసింది. దారిలోనే షాపు యజమానురాలికి ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పింది. ఇంటికొచ్చి నీళ్ళు తొట్టిలో పోసింది, ఉప్పు వేసింది, తువ్వాలు మడిచి పక్కన పెట్టింది.

అతను లోపలికి వచ్చేసరికి ఆ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఆమె పాదాలు తొట్టిలో ఉన్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేనంత హాయిగా ఉంది.

"నా నీళ్ళేవి?" అన్నాడు అతను.

"పొయ్యి మీద గిన్నెలో ఇంకా ఉన్నాయండీ. పోసుకోండి."

"యాభై నిమిషాలు నిలబడి వచ్చానే. ఆ లాంచీ..."

"తెలుసండీ. ఇప్పుడే రేవులో చూసి వచ్చాను. పాట బాగుంది."

అతని మొహం మీది అలసట ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలిచిపోయింది.

అత్తగారు కొత్తగా బాగు చేయించిన కళ్ళజోడులోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమిటమ్మాయ్ ఇది? వాడు నిలబడ్డాడు, నువ్వు కూర్చున్నావు. ఏం జరిగింది?"

ఆమె పాదాలు నీళ్ళలో కదిపి, అత్తగారి వైపు తిరిగింది.

"ఏం లేదత్తయ్యా. మన ఆకుపచ్చ కుషన్ దొరికింది. ఇంటికి తీసుకురాను. సోమవారం నుంచి దాని మీద నేను కూర్చుంటాను."