పడుకున్న మనిషికి ఎదురు ఏది?

స్పీకర్ల దుకాణంలో పాటలు వినిపించి చూపించే గది అది. మధ్యలో మెత్తటి సోఫా ఖాళీగా ఉండగా ఆవిడ వెళ్ళి నేల మీద వెల్లకిలా పడుకుంది. చేతిసంచి తల కింద పెట్టుకుంది. సేల్స్‌మన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా! ఏమైందమ్మా? కళ్ళు తిరిగాయా?"

"నాకేం కాలేదు బాబూ. పడుకున్నవాళ్ళకి ఎలా వినపడుతుందో చూస్తున్నా. ఇందాక వినిపించిన ఆ వాన చప్పుడు పెట్టు."

అతను వాన పెట్టాడు. పైకప్పులోని స్పీకర్లు ఒక్కసారిగా కురిశాయి. వాన తిన్నగా వచ్చి ముఖాన కొట్టినట్టయి, ఆవిడ తనకి తెలియకుండానే కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకున్నాక గుర్తొచ్చింది. మొన్న ఇంట్లో స్పీకర్లు పెట్టగానే ఆయన కూడా ఇలాగే మూసుకున్నాడు. అక్కర్లేదంటున్నాడనుకుని ఆవిడ అన్నీ ఆపేసి, వంటింట్లో కూలబడి ఏడ్చింది.

ఆయనంటే ఆవిడ మొగుడు. సినిమా హాళ్ళలో స్పీకర్లు బిగించడమే ఆయన పని. ఏ హాలుకి వెళ్ళినా ముందు నడిమధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టేవాడు. తల వంచి అది తిరిగి ఎలా మోగుతుందో వినేవాడు. నిచ్చెన ఆ తర్వాతే. ఇంటికి కొత్త బీరువా వచ్చినా చప్పటే. ఆవిడ కుట్టుమిషను ఆపి మరీ నవ్వేది, ఏం మనిషిని కట్టుకున్నానురా దేవుడా అని.

ఆ మనిషి నిచ్చెన మీంచి జారిపడ్డాడు. ఇప్పుడు మెడ కింద ఏదీ కదలదు. మెడ పట్టీలో బిగించి ఉంది కాబట్టి పైకప్పు తప్ప ఇంకేదీ కనపడదు. గొంతు పోలేదు, చెవులు పోలేదు, డాక్టరమ్మ అన్నీ పరీక్షించి చెప్పింది. ఆయనే మాట్లాడటం మానేశాడు. బతిమాలినా, తిట్టినా, కాళ్ళు పట్టుకున్నా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. పోనుపోను తినడమూ మానేశాడు. పెదాల దగ్గర పెట్టిన పాలు చెంపల మీంచి దిండులోకి కారిపోయేవి.

"సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి," అంది డాక్టరమ్మ. "గొట్టంతో తిండి పంపగలమమ్మా. బతకాలనే కోరికని పంపలేం కదా."

సోమవారం అంటే రేపే.

ఆయనకి ఈ లోకంలో శబ్దం తప్ప ఇంకే పిచ్చీ లేదు. అందుకే పడగ్గదిలో హోం థియేటర్ పెట్టించింది. ఎలక్ట్రీషియన్ అయిన తమ్ముడు పెట్టెలో వచ్చిన బొమ్మ చూసి ముందు మూడు, పక్కల రెండు, వెనక రెండు, పైన నాలుగు బిగించి, "బొమ్మలో ఉన్నట్టే పెట్టానక్కా" అన్నాడు. అక్కడే కొంప మునిగింది. బొమ్మలోని మనిషి సోఫాలో కూర్చున్నాడు. మంచంలో ఉన్న మనిషికి పైకప్పే ఎదురుగోడ, పక్కవి ఎక్కడో నెత్తి మీద, మాటలేమో అరికాళ్ళ దగ్గర్నుంచి. అదేదో ఇవాళ పొద్దున పెట్టె మీద బొమ్మ మళ్ళీ చూశాక కాకుండా, ముందే తలకెక్కితే ఎంత బాగుండేది!

"పడుకున్న మనిషికి ఎదురు ఏది బాబూ?" అని నేల మీంచే అడిగింది.

అతను బుర్ర గోక్కున్నాడు. "నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా. పైకప్పులో దూర్చేవి తిన్నగా కిందికే కొడతాయి. ఇవిగో, ఇవైతే మూతి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఎటు తిప్పాలంటే మాత్రం... వినేవాళ్ళే చెప్పాలి."

వినేవాళ్ళే చెప్పాలి! ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పైకి మూతి తిరిగేవి నాలుగు, పక్కలకి పొట్టివి రెండు ఎంచుకుంది. మంచం మీద ఆయన చెవి ఎంత ఎత్తులో ఉందో బట్టలు కొలిచే టేపుతో ముందే కొలుచుకుని వచ్చింది.

తమ్ముడు పనిమీద ఊరెళ్ళాడు, మంగళవారం గానీ రాడు. మంగళవారానికి ఆయన ముక్కులో గొట్టం ఉంటుంది. ఆవిడ పెరట్లో గోనెపట్టా కింద దాచిన నిచ్చెనని బయటికి లాగింది. ఆయన్ని పడేసిన నిచ్చెనే. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని ఎన్నిసార్లనుకున్నా చేతులు రాలేదు.

మంచం పక్కన, ముట్టని పాలగ్లాసు పెట్టిన బల్ల దగ్గర నిలబెడితే నిచ్చెన కొస ఆయన కంట పడింది. రెప్పలు టపటపలాడాయి. ఆవిడ గది మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టింది. ఏమీ అర్థం కాలేదు. అందులో ఏం వినాలో ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ అడగలేదు.

స్పీకరు చంకలో ఇరికించుకుని ఎక్కింది. నిచ్చెన కిర్రుమంది. పైన తమ్ముడు బిగించిన ఇనప పట్టీలోంచి పాతది తీసి కొత్త స్పీకరు కూర్చోబెట్టేసరికి చెమటలు పట్టాయి.

"ఏమండీ, దీని మూతి ఎటు తిప్పాలి?"

ఆయన కళ్ళు స్పీకరు మీదే ఉన్నాయి.

"చెప్పకపోతే నాకు తోచినట్టు తిప్పేస్తా. తర్వాత మీ ఇష్టం." ఒళ్ళు తెలియని కోపంతో ముందుకు వంగింది. కాలు జారింది. నిచ్చెన ఊగి గోడకి కొట్టుకుంది.

"దిగు."

తుప్పు పట్టిన తలుపు బందులా ఉంది ఆ గొంతు. ఆవిడ నిచ్చెనని కావలించుకుని అలాగే ఉండిపోయింది.

"దిగనండీ. ఎటు తిప్పాలో చెప్పండి."

"నా కాళ్ళవైపు," అన్నాడాయన. "ఇంకా. ఇంకొంచెం. చాలు. ఇక దిగు."

దిగాలనే చూసింది. కింద మెట్టు ఎక్కడుందో తెలియడం లేదు. "నా వల్ల కాదండీ," అంది. "నాకు భయంగా ఉందండీ."

ఆయనకి ఆవిడ కాళ్ళు కనపడవు. అయినా, "చప్పుడు వింటున్నాలే," అన్నాడు. "కుడికాలు ఇంకా పైనే ఉంది. అది ముందు తియ్యి. ఆఁ. మెట్టు దొరికిందిగా? బరువు దాని మీద వెయ్యి. ఇప్పుడు ఎడమది. చేతులు వదలకు, పిచ్చిదానా. నేనూ అక్కడే వదిలాను."

మెట్టు కిర్రుమన్నప్పుడల్లా ఆగి, విని, మళ్ళీ చెప్పాడు. పాదం నేలకి తగిలాక కూడా ఆవిడ నిచ్చెన వదల్లేదు.

"పాలు చల్లారిపోయాయి," అంది ఏడుస్తూ.

"వెచ్చబెట్టుకురా," అన్నాడు.