పుస్తకంలో లేని మాట

నా నోరు ఊరుకోదు. ఊరుకుని ఉంటే ఇదంతా చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

మా కుట్టుగదిలో నన్ను రేడియో అంటారు. రోజూ మూడింటికి మిషన్లు ఆపి ఒక గంట చేతిపని చేస్తాం. గుండీలు, కాజాలు, అంచుమడతలు. ఆ గంటలో ఒకరు పుస్తకం పైకి చదవాలి, మిగతావాళ్ళు వింటూ కుట్టాలి. చదివే మనిషి వంతు గుండీలు అందరూ పంచుకుంటారు. భోజనాలయ్యాక కునుకుపాట్లు పడి వేళ్ళకు సూదులు గుచ్చుకుంటున్నామని పెద్దమ్మ పెట్టిన పద్ధతి. పెద్దమ్మంటే మా యజమానురాలు. గుడ్డ కత్తిరించేది ఆవిడే. చదివేది మాత్రం ఎప్పుడూ నేనే. చదువుతూ చదువుతూ నా సొంత మాటలు కలిపేస్తాను, గొంతు మార్చకుండా, అచ్చులో ఉన్నట్టే. నవలైనా వంటల పుస్తకమైనా నా చేతిలో పడితే అంతే సంగతులు. గదిలో పదిమందీ నవ్వితే నాకు కడుపు నిండుతుంది. ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేదు. గోడలకు జోకులు చెప్పలేం కదా!

నా పక్క కుర్చీ కాజాలక్కది. తొమ్మిదేళ్ళ కిందట పనిలో చేరింది. ఆమె కుట్టిన కాజా ముందు ఏ మిషనూ పనికిరాదు. పొడగరి. మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉంటుంది. తన బట్టలు తనే కుట్టుకునేది. ఎవరినీ కొలతలు తీయనిచ్చేది కాదు. నేను వాగేదాన్ని, ఆమె వినేది. నా టిఫిన్ డబ్బాలో సగం ఆమెది, ఆమె సంచిలో అరటిపండు నాది. నాకున్న స్నేహమంతా అదే.

ఒకరోజు నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. "ఈసారి ఇది చదువు చెల్లీ. నీ గొంతులో వినాలనుంది."

ఆడవాళ్ళ గురించి ఒక ఆడమనిషి రాసిన పుస్తకం. ఆడతనం ఎక్కడుంటుంది, ఒంట్లోనా, మనసులోనా, నలుగురూ పెట్టిన పేరులోనా అని నిలదీస్తూ పోతుంది. ఇంటిచాకిరీ గురించి చదివిన రోజు ఓవర్‌లాక్ మిషన్ దగ్గర పనిచేసే, మేమంతా వదినా అని పిలిచే ఆవిడ గుడ్డ పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. "ఈ ముక్క మా ఆయన చెవి దగ్గర మైకు పెట్టి చదవాలే!" ఒంటి గురించీ పడక గురించీ వచ్చిన రోజు పెద్దమ్మ లేచి కిటికీలన్నీ మూసింది. మూసి వచ్చి కూర్చుని, "ఊఁ, కానీ" అంది.

తరువాతి అధ్యాయం ఒక మనిషి గురించి. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడు అన్నారు. పెరిగాక ఆ మనిషి, తను మగ కాదు, ఆడదని తెలుసుకుని అలాగే బతకడం మొదలుపెట్టింది.

"ఇదెక్కడి చోద్యమమ్మా" అంది వదిన.

"ఎవరి బతుకు వాళ్ళది. నువ్వు అంచు వంకర పోనీకు" అంది పెద్దమ్మ.

ఆ తరువాత అందరూ సూదుల మీదే చూపు పెట్టారు. ఒక్క నవ్వు లేదు. అది నాకు నచ్చలేదు. పేజీ మధ్యలో ఆగకుండా, తడబడకుండా చదివేశాను: "చొక్కా విప్పదీసి గౌను కుట్టుకున్నా, చంక కింద పాత కుట్టు కనబడుతూనే ఉంటుంది."

నవ్వులతో గది దద్దరిల్లింది. వదిన అయితే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కాజాలక్క సూది ఆపింది. "ఆ మాట పుస్తకంలో ఉందా?"

"లేకపోతే నేనెక్కణ్ణుంచి తెస్తాను?" అన్నాను.

ఆమె ఒక్కసారి నా మొహంలోకి చూసి, చేతిలో ఉన్న కాజా పూర్తిచేసింది. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

జ్వరమేమో అని అందరితోనూ అన్నాను. నేను మరీ అంత మొద్దునేం కాదు. తొమ్మిదేళ్ళలో నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చినప్పుడల్లా తోసేశాను. తెలిస్తే ఏదో ఒకటి అడగాలి. నాకు వాగడం వచ్చు గానీ అడగడం రాదు. ఆ మూడు రోజులూ టిఫిన్ డబ్బా మూత తీయబుద్ధి కాలేదు. మూడింటికి గొంతు బాగాలేదని తప్పించుకుని, పుస్తకం కూడా తెరవలేదు. తెరిస్తే ఆ పేజీయే వస్తుందని భయం. నాలుగో రోజు పొద్దున్నే, తిరిగిచ్చే సాకుతో ఆమె గదికి వెళ్ళాను.

తలుపు సగమే తీసింది. వెనక ఒక మంచం, ఇస్త్రీపెట్టె, ఒక్కటే కుర్చీ.

"ఆ మాట పుస్తకంలో లేదక్కా. నాదే" అన్నాను.

"తెలుసు. ఆ పేజీ నాకు నోటికొచ్చు." పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. "పుట్టినప్పుడు మావాళ్ళు నన్నూ కొడుకనే అనుకున్నారు చెల్లీ. మీకు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. ధైర్యం చాల్లేదు. పుస్తకం విని మీరేమంటారో చూసి, అప్పుడు చెబుదామనుకున్నా. నువ్వు చదివితే వాళ్ళు మనసుపెట్టి వింటారని నీకిచ్చా."

 

"తప్పయిపోయిందక్కా. రేపు వచ్చెయ్" అన్నాను.

"వాళ్ళకి చెప్పావా, ఆ మాట నీదని?"

"లేదు. ముందు నీకే చెబుదామని..."

"నాకెందుకు? నాకు తెలుసుగా. తెలియంది వాళ్ళకి."

తలుపు మెల్లగా వేసింది. విసిరికొట్టినా బాగుండేది.

ఆరోజు మూడింటికి మిషన్లు ఆగాక లేచి నిలబడ్డాను. కాజాలక్క సంగతి ఎత్తలేదు. అది చెప్పుకునే హక్కు ఆమెది. "మొన్న మీరంతా నవ్విన చొక్కా మాట పుస్తకంలో లేదు. నేనే కల్పించాను. తప్పు చేశాను" అన్నాను.

"ఓసి నీ దుంపతెగ!" అంది వదిన. "మా వీధంతా చెప్పానే! పుస్తకంలో అచ్చేశారని మా ఆడపడుచుతో వాదించి మరీ నోరు మూయించానే!"

ఇంకో ఇద్దరు తలలు దించుకున్నారు. వాళ్ళూ ఎక్కడెక్కడ చెప్పారో ఏమో. ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చిందో ఆ మాట! ఇప్పుడు ఏ ఇంటికని వెళ్ళి వెనక్కి తీసుకోను?

పెద్దమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేనూ మా చెల్లెలికి చెప్పాను. సరే, అయిందేదో అయింది. మరి అక్కడ అసలేం రాసుంది?"

అందరూ నావైపు తిరిగారు. నా చేతిలో పుస్తకం లేదు. ఆ పేజీ చదివింది నేనే, ఈ కుర్చీలోనే, ఈ నోటితోనే. ఎంత తడుముకున్నా అందులో ఒక్క వాక్యం రాలేదు. నా మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా నాలుక మీదే ఉంది.

"చెప్పవే, వింటాం" అంది పెద్దమ్మ.

"నాకు గుర్తులేదు పెద్దమ్మా" అన్నాను.