సోమవారం పదింటికి రాలేను

ఇర్బిద్ పట్టణంలో కొత్తగా తెరుస్తున్న బట్టల ఫ్యాక్టరీ నుంచి గురువారం ఫోన్ వచ్చినప్పుడు, రుదైనా ముందూవెనకా చూడకుండా వస్తానంది. సోమవారం పదింటికి ఇంటర్వ్యూ. బట్ట కత్తిరించే విభాగానికి పెద్దగా ఒకరు కావాలట. పన్నెండేళ్లుగా బడిపిల్లల యూనిఫాంలు కత్తిరిస్తున్న చెయ్యి ఆమెది. ఇక ఒకరి కింద పడి ఉండే రోజులు తీరాయనుకుంది.

ఆ సంతోషం మర్నాటి భోజనాల దాకా కూడా నిలవలేదు. అత్తగారి వంటింట్లో లేత సొరకాయల్లాంటి కూసాకాయల్లో బియ్యం కూరుతుంటే తోడికోడలు సౌసన్ సిగ్గుపడుతూ చెప్పింది.

"నన్ను కూడా పిలిచారక్కా. అదే ఉద్యోగానికి. పదకొండింటికి."

సౌసన్ పై అంతస్తులో కాపురం పెట్టి మూడేళ్లు. దానికి కత్తెర పట్టడం నేర్పింది రుదైనా, తను పనిచేసే షాపులోనే చేర్పించింది రుదైనా. ఇప్పుడు దానికి కంప్యూటర్లో నమూనాలు గీయడం వచ్చు. రుదైనాకు రాదు.

అత్తగారు హజ్జా విదాద్ కాయ మీంచి తలెత్తకుండానే అంది. "బాగుంది. ఒకే ఇంటి నుంచి ఇద్దరు కోడళ్లు. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి కూసాకాయలు."

అందరూ నవ్వారు. రుదైనా కూడా నవ్వింది.

శనివారమంతా అదే ఆలోచన. ఉద్యోగం రాకపోతే రాకపోయింది, ముక్కూమొహం తెలియని వాళ్లెవరికైనా పోతే ఏడ్చి ఊరుకోవచ్చు. సౌసన్‌కు వస్తే? అది కునాఫా మిఠాయి పళ్లెం పట్టుకుని మెట్లు దిగుతుంది. తను నోరు తీపి చేసుకుని, పదిమందిలో శుభమని చెప్పాలి. అసలు వెళ్లకపోతే ఓడినట్టు కాదు కదా.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఫోన్ తీసి రాసింది. "అస్సలాము అలైకుమ్. నన్ను తలచుకుని పిలిచినందుకు దేవుడు మీకు మేలు చేయాలి. వస్తానని మాటిచ్చి రాలేకపోతున్నందుకు మన్నించండి. సోమవారం పదింటికి రాలేను. ఆ వేళను మరొకరికి ఇవ్వగలరు. మీ పనిలో బరకత్ కలగాలి." మూడుసార్లు దిద్ది పంపింది. పది నిమిషాల్లో అంతే మర్యాదగా జవాబు వచ్చింది. ఎందుకని వాళ్లు అడగలేదు. అదొక చిన్న ముల్లు.

అత్తగారు అడిగింది. రుదైనా ఆ సందేశం చూపించి, "ఇస్తిఖారా చేశానత్తయ్యా. మనసు ఒప్పుకోలేదు," అంది.

ఇస్తిఖారా చేసేవాళ్లు రెండు రకాతుల నమాజు చదివి, నాకు మేలైనదేదో నువ్వే చూపించమని అల్లాను వేడుకుని, మనసు ఎటు మొగ్గితే అటు నడుస్తారు. అలా తేల్చుకున్న మాట మీద ఎవరూ వాదించరు. వాదించరనే రుదైనా ఆ మాట అంది. నిజానికి ఆమె ప్రార్థన చాప పరచనే లేదు.

ఆదివారం సాయంత్రం సౌసన్ కిందికి వచ్చింది. రుదైనా పోసిచ్చిన కాఫీ ముట్టకుండా, "నేనూ వెళ్లనక్కా," అంది.

"నీకేమైంది?"

"నీ మనసు ఒప్పుకోని చోటు నాకేం అచ్చొస్తుంది? నా నమాజు సంగతి నీకు తెలుసుగా, బస్సు పోతుందన్నట్టు చదువుతాను. నువ్వు అడిగితే జవాబు వస్తుంది." అంటూ ఫోన్ చాపింది. "నువ్వు ఎంత మర్యాదగా రాశావో అని అత్తయ్య ఒకటే పొగడ్త. నాకూ అలాగే రాసిపెట్టు. నేను రాస్తే దెబ్బలాడినట్టు ఉంటుంది."

రుదైనా ఫోన్ అందుకుంది. వేళ్లకు ఆ మాటలు కంఠతా వచ్చు. సలాం రాసింది. దేవుడు మేలు చేయాలని రాసింది. మన్నించమని రాసింది. తను అడగలేదు, బలవంతపెట్టలేదు, అదే వచ్చి చేతిలో పెట్టింది. గుండెల్లో చల్లగా ఏదో పాకింది. ఆ చల్లదనానికే ఆమె భయపడింది.

అసూయపడేవారి అసూయ నుంచి కాపాడమనే ప్రార్థనను ఆమె పిల్లలతో కలిసి రోజూ చదువుతుంది. చదివినప్పుడల్లా సౌసన్ కళ్లే గుర్తొచ్చేవి. పై అంతస్తులోనూ అదే చదువుతారు. అక్కడ ఎవరి నుంచి కాపాడమని అడుగుతున్నట్టు? దేవుడు రెండూ వింటాడు కదా.

"నేను ఇస్తిఖారా చేయలేదు," అంది, ఫోన్ మీంచి కళ్లెత్తకుండా.

"మరి?"

"ఉద్యోగం నీకే వస్తుందని. అది చూడలేక."

సౌసన్ ఫోన్ తీసుకుని, రాసినదాన్ని ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది.

"దేవుడి పేరు చెప్పావు గదక్కా. అది విన్నాక ఇంకేం అడుగుతాను నేను?"

సౌసన్ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపు ఇంటర్వ్యూకి వెళ్తూ మా పాపను తొమ్మిదింటికి దింపుతాను. నీకు ఖాళీయేగా."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. తగలాల్సిందే.

"దింపు," అంది రుదైనా. "తినిపించి పంపకు. నేను పెడతాను."

మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నంతసేపూ, ఆ ఉద్యోగం దానికి రాకూడదనే లోపల ఎవరో అంటూనే ఉన్నారు. రుదైనా నమాజుకు చేతులూ ముఖమూ కడిగి వుజూ చేసుకోవడానికి లేచింది. నిలబడి ఏమని వేడుకోవాలో మాత్రం ఇంకా తెలియలేదు.