వేలెడంత సందు

మధ్యాహ్నం రెండు గంటల ఎండ.

తారురోడ్డు మీద గాలి నీళ్ళలా వణుకుతోంది. ఆగి ఉన్న బండ్ల అద్దాల మీద పడి, విరిగి, ముక్కలు ముక్కలుగా కళ్ళలోకి దూకుతోంది ఎండ. గోడ నీడ గోడ కాళ్ళ కిందకే ముడుచుకుపోయింది. ఆ కాస్త నీడలో ఒక కుక్క... కళ్ళు మూసుకుని, డొక్కలెగరేస్తూ.

అతను వ్యాను ఆపాడు.

వెనక సీట్లో పిచ్చుక నిద్రపోతోంది.

రెండున్నరేళ్ళ కూతురు. పెట్టిన పేరు వేరే ఉంది. కానీ లేచింది మొదలు పడుకునేదాకా నోరు మూయదు కాబట్టి ఇంటిల్లిపాదికీ పిచ్చుకే. ఇప్పుడు ఆ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మెడ పక్కకి వాలింది. నడుము చుట్టూ, భుజాల మీదుగా సీటు బెల్టు.

అతను ఏసీ మెకానిక్. ఊళ్ళో ఎన్నో ఇళ్ళు అతని చేతుల మీదుగా చల్లబడ్డాయి. అతని ఇంట్లో మాత్రం ఒక్కటే ఫ్యాను — అదీ మూడో నంబరు మీద పెడితే కిర్రుమంటుంది. "ఊరందరికీ చలికాలం తెచ్చిపెడతారు, మనకి మాత్రం ఏడాదంతా ఎండాకాలమే" అని భార్య నవ్వుతుంది.

రోజూ పిల్లని పక్కింటి పెద్దమ్మ చూసుకుంటుంది. ఆ రోజు ఆవిడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. భార్యకి బట్టల ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. "ఈ ఒక్కపూట మీరు సెలవు పెట్టరాదూ" అంది పొద్దున.

"నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు" అన్నాడు.

సెలవు పెట్టలేదు. మండు వేసవిలో ఏసీ మెకానిక్‌కి సెలవేమిటి?

కంపెనీ వ్యాను. పనివాళ్ళు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదని రూలు. స్టీరింగు పక్కన కాగితం అంటించి మరీ రాశారు.

లేపితే ఏడుస్తుంది. చంకనేసుకుని పైకి వెళితే ఏసీ బాగుచెయ్యమని పిలిచిన ఇంటివాళ్ళు చూస్తారు. ఎవరైనా ఆఫీసుకి ఒక్క మాట ఫోన్ చేస్తే చాలు...

అయిదు నిమిషాల పని.

అద్దం కొంచెం దించాడు. వేలెడంత సందు.

గాలి ఆడుతుంది — అనుకున్నాడు.

అయిదు నిమిషాలే — అనుకున్నాడు.

తలుపు చప్పుడు కాకుండా మూశాడు. నిద్ర చెడకూడదని. అంత ప్రేమగా మూశాడు.

*

రెండో అంతస్తు. తలుపు తీసిన ముసలావిడ ముఖమంతా చెమట. గదిలో మంచం మీద ఆవిడ భర్త. ఛాతీ మీద తడి తువ్వాలు. ఊపిరి గాజుల పెట్టెలా గలగలమంటోంది.

"నిన్నటి నించీ ఇంతే బాబూ. నువ్వు రాకపోతే ఈయన ఏమైపోయేవారో" అంది ఆవిడ.

ఆ మాట అతనికి నచ్చింది.

అవును, నచ్చింది. తర్వాత ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాడు — ఆ నిమిషంలో తన లోపల ఏముందా అని. ఉన్నది అదే. తను లేకపోతే ఎలా అనే చిన్న గర్వం.

నిచ్చెన వేసుకున్నాడు. మూత విప్పాడు. కెపాసిటరు ఉబ్బిపోయి ఉంది. అనుకున్నదే. మార్చాడు. మరలు బిగించాడు. బటన్ నొక్కితే లోపల ఏదో కదిలి, నిట్టూర్చి... చల్లటి గాలి అతని ముఖానికి తగిలింది.

పిచ్చుక.

గోడ గడియారం చూశాడు. పదకొండు నిమిషాలు. మంచం మీది ముసలాయన చెయ్యి గాలిలోకి ఎత్తి వేళ్ళు ఆడించాడు, ఆ చల్లదనాన్ని తడుముతున్నట్టు. నవ్వాడు. ఆ నవ్వు దగ్గర కాసేపు నిలబడిపోయాడు అతను.

"కాస్త మంచినీళ్ళు తాగు నాయనా."

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా. బయట ముత్యాల్లా చెమట. గొంతులోకి చల్లగా జారుతుంటే మళ్ళీ —

పిచ్చుక. దాహమవుతుందేమో.

గ్లాసు కింద పెట్టాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు. రెండడుగులు వేశాడు కూడా.

"ఎలాగూ వచ్చావుగా బాబూ, ఆ పక్క గదిలోదీ ఒక్కసారి చూడవూ? గోడంతా నీళ్ళు కారుతున్నాయి."

నోరు తెరిచాడు. నా పిల్ల కింద బండిలో ఉందండీ — నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఇంతసేపూ ఎందుకు చెప్పలేదంటారు. ఎలాంటి తండ్రివయ్యా అంటారు. ఎలాంటి తండ్రో ఎవరూ అడగకూడదని... మాట మింగేశాడు.

"చూస్తానండీ" అన్నాడు.

నీళ్ళు బయటికి పోయే గొట్టంలో నాచు. ఊది, కడిగి, మళ్ళీ ఊది. చేతులు తొందరపడుతున్నాయి. తొందరలో క్లిప్పు జారింది, వెతికాడు. మెడ మీద ఏసీ గాలి. కిటికీ అవతల తెల్లగా కాలిపోతున్న ఆకాశం.

కింద అద్దం పగిలింది.

*

ఆ శబ్దం ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మెట్లు ఎలా దిగాడో తెలియదు.

చెత్తబండి లాగే ఒకావిడ. చేతిలో ఇనుపచువ్వ. మోచేతి నుంచి రక్తం. పిల్లని అప్పటికే బయటికి తీసి గోడ నీడలోకి చేర్చింది. తన సీసాలోని నీళ్ళు మెడ మీద, చంకల్లో, కాళ్ళ మీద పోస్తోంది. కొంగుతో విసురుతోంది.

పిచ్చుక ముఖం కందగడ్డలా ఎర్రబడింది. చెమట లేదు. ఒళ్ళు పొయ్యి మీంచి దించినట్టుంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఆ కళ్ళు ఎవరినీ చూడటం లేదు.

"నీ పిల్లేనా?"

తలూపాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. ఏమనుకుందో, గొంతు మెత్తబడింది.

"మరిచిపోయావా నాయనా?"

అతను... తలూపాడు.

అంతే. అలా పుట్టింది ఆ మాట. ఎవరో జాలిపడి చెయ్యందిస్తే పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో రాసుకునేవాళ్ళు అడిగారు — మరిచిపోయానన్నాడు. వాళ్ళు కాగితం మీద రాశారు. ఆఫీసువాళ్ళు అడిగారు. మరిచిపోయానన్నాడు. ఫ్యాక్టరీ నుంచి దారం పోగులు అంటిన బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది భార్య. ఏమీ అడగకముందే ఆమెకీ చెప్పాడు.

మరిచిపోయాను.

చెప్పే కొద్దీ మాట నునుపుదేలింది.

ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే పిల్లకి ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులు ఐస్ సంచుల మధ్య, గొట్టాల మధ్య. "పెద్దవాళ్ళ ఒళ్ళు వేరు, పిల్లల ఒళ్ళు వేరండీ. వాళ్ళు చాలా తొందరగా వేడెక్కిపోతారు. అద్దం కాస్త దించితే సరిపోతుందనుకుంటారు అందరూ. సరిపోదు" అంది డాక్టరమ్మ. నాలుగో రోజు పొద్దున పిచ్చుక కళ్ళు తిప్పి అమ్మని చూసింది. ఆరో రోజు ఇంటికొచ్చింది. తొడ మీద బెల్టు బకిల్ కాలిన మచ్చ — బొటనవేలంత. మిగిలినవన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటి తప్ప.

మాట్లాడటం లేదు.

వస్తాయి మాటలు, కొంచెం టైమివ్వండి — అన్నారు ఆసుపత్రిలో.

చుట్టాలొచ్చారు. "మనిషన్నాక మరుపు సహజంరా, నిన్ను నువ్వు చంపుకోకు" అన్నాడు బావగారు. "పని ఒత్తిడి. నిద్రా తిండీ లేకుండా తిరుగుతారు, ఆయన తప్పేముంది?" — వచ్చిన ప్రతివాళ్ళతో భార్య వాదించింది. ఎవరూ వేలెత్తి చూపకముందే అడ్డం నిలబడింది. పళ్ళెంలో అన్నం కలిపి చేతికిచ్చింది.

ఆ పళ్ళెం అలాగే పక్కన పెట్టాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

*

తొమ్మిదో రోజు. మళ్ళీ రెండు గంటల వేళ. అదే వీధి, అదే గోడ. వ్యాను కంపెనీ వెనక్కి తీసుకుంది. తమ్ముడి పాత కారు అడిగి తెచ్చాడు. ఎండలో నిలబెట్టాడు. వేలెడంత సందు ఉంచి అద్దాలు ఎత్తాడు. వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. గదులు ఎంత చల్లబడ్డాయో కొలిచే థర్మామీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ముప్ఫై ఎనిమిది.

పది నిమిషాలకి నలభై తొమ్మిది. సందులోంచి గాలి రాలేదు. ఒక ఈగ వచ్చింది... వచ్చి, తిరిగి వెళ్ళిపోయింది.

ఇరవై నిమిషాలకి యాభై నాలుగు. నాలుక అంగిటికి అతుక్కుంది. చెవుల్లో హోరు. ఏడుద్దామంటే లోపల తడి లేదు. పిల్ల ఉన్నంతసేపూ ఉండాలంటే ఇంకా పదిహేను నిమిషాలు ఉండాలి. ఉండాలి...

ఉండలేకపోయాడు. తలుపు తోసుకుని రోడ్డు మీద పడ్డాడు.

తలుపు తెరిచే చెయ్యి తనకుంది. అది తెలిసిన క్షణం అతనికి వేడి కాదు, చలి వేసింది.

*

ఆ సాయంత్రం భార్య వంటింటి గట్టు దగ్గర గిన్నెలు తుడుస్తోంది. పిచ్చుక నేల మీద మూతలు ఒకదానిలో ఒకటి పెడుతోంది, చప్పుడు లేకుండా. పడమటి ఎండ పచ్చగా గడపలోకి వచ్చి కూర్చుంది.

"నేను మరిచిపోలేదు" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"పిల్ల బండిలో ఉందని... మరిచిపోలేదు. తెలుసు. తెలిసే ఉండిపోయాను."

గుడ్డ ఆగింది. ఆమె గిన్నె గట్టు మీద బోర్లించింది. తర్వాత అడిగింది. ఆరేళ్ళ కాపురంలో ఏనాడూ 'మీరు' తప్ప అనని మనిషి —

"నీకు ఎన్నిసార్లు గుర్తొచ్చింది?"

"మూడుసార్లు."

గాలి తగిలినప్పుడొకటి. నీళ్ళు తాగినప్పుడొకటి. పక్క గది చూడమన్నప్పుడొకటి. ఒక్కొక్కటీ చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆమె పిల్లని ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. గడియ పెట్టిన చప్పుడు చిన్నదే.

బయట కూర్చున్నాడు. మనసు తేలికపడుతుందని ఎవరో చెప్పగా విన్నాడు. తేలిక పడలేదు. ఇన్నాళ్ళూ తన ఒక్కడి మీదే ఉన్న బరువు ఇప్పుడు ఆమె మీద కూడా ఉంది. అంతే తేడా.

*

తెల్లవారింది.

ఆమె షిఫ్టు వేళయింది. ఇంకో రోజు పోతే ఉద్యోగం ఉండదు. పక్కింటి పెద్దమ్మ ఇంటికి తాళం — కూతురి ఊరు వెళ్ళింది. ఇక పిల్లని చూసుకోవడానికి మిగిలింది అతనొక్కడే. అది ఇద్దరికీ తెలుసు.

ఆమె చెప్పులు వేసుకుంది. చంకలో పిల్ల. గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. పిల్లని కిందకి దించింది... పాదాలు నేలకి తాకకముందే మళ్ళీ ఎత్తుకుంది.

వీధి మలుపులో ఫ్యాక్టరీ బస్సు హారను.

అతను ముందుకి రాలేదు. చేతులు చాచలేదు. అడిగే హక్కు ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాడు.

పిచ్చుక అమ్మ భుజం మీద నుంచి వంగింది. రెండు చేతులూ అతని వైపు చాచింది. పెదవులు కదిలాయి. ఏదో చిన్న శబ్దం... మాటో, ఊపిరో.

ఆమె పట్టు సడలలేదు. బిగియనూ లేదు.

మళ్ళీ హారను.

ముగ్గురి మధ్యా గచ్చు మీద పొద్దుటి ఎండ, ఇంకా లేతగా... మెల్లగా లోపలికి జరుగుతోంది.